ఆరు మీటల పెట్టె

బండి కొన్నవాడు మొట్టమొదట కొబ్బరికాయ కొడతాడు. ఆ తరువాత నిమ్మకాయలు తొక్కిస్తాడు. మూడో పని, కంపెనీవాడిచ్చిన మీటలు చాలవని ఇంకో నాలుగు మీటలు పెట్టించడం. మొదటి రెండింటికీ ముహూర్తం చూస్తారు. మూడోదానికి మాత్రం ఏమీ చూడరు. ఏ చెట్టు కింద ఎవడు దొరికితే వాడిచేత కానిస్తారు. నా మట్టుకు నాకు ముహూర్తం ఆ మూడోదానికే చూస్తే బాగుండుననిపిస్తుంది.

మా జనగామ వైపు పికప్పు అనే మాట కాగితాల మీదే కాని నోళ్లలో అంతగా లేదు. కాస్త పెద్దదైతే డీసీఎం, చిన్నదైతే ట్రాలీ. డీసీఎం అన్నది నిజానికి ఒక కంపెనీ పేరు. 1980లలో టొయోటాతో కలిసి వ్యాన్లు తయారుచేసింది. ఆ వ్యాన్లు రావడం ఏనాడో ఆగిపోయింది గాని, పేరు మాత్రం ఎవరి వ్యానునైనా సరే పట్టుకొని వేలాడుతూనే వున్నది. అర్థవ్యాకోచానికి నేను క్లాసులో చెప్పే ఉదాహరణ ఇదే. పిల్లలకు వ్యాకరణం మరిచిపోయినా డీసీఎం మరుపురాదు.

మా మేనల్లుడు మహబూబాబాదు దగ్గర వ్యవసాయం చేస్తాడు. పాతవాళ్లు ఆ వూరిని ఇప్పటికీ మానుకోట అనే అంటారు. అప్పుచేసి ఒక ట్రాలీ కొన్నాడు. మిరపకాయల రోజుల్లో వరంగల్లు ఏనుమాముల మార్కెట్టుకు బస్తాలు తోలతాడు. తక్కిన రోజుల్లో ఎవరు పిలిస్తే వాళ్లకు కిరాయి. ముందుకు రెండు పొగమంచు దీపాలు, వెనక తొట్టిమీద ఒక దీపం, చిన్న ఫ్యాను, సెల్‌ఫోను ఛార్జరు కావాలని ఒకచోట పెట్టించుకొన్నాడు. పెట్టినవాడు గంటలో పని ముగించాడు. ముగించక ఏం చేస్తాడు? అన్నింటినీ తీసుకుపోయి హెడ్‌లైటుకు పోయే వైరుకే మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టాడు. ఫ్యూజు రెండుమాట్లు పోతే, 15 వుండవలసిన చోట 30ది గుచ్చి, "ఇగ పోదు పో" అన్నాడట. ఆ మాట మట్టుకు నిజమే అయింది. ఫ్యూజు పోలేదు.

ఒక రాత్రి కాళేశ్వరం దర్శనం చేసుకొని భూపాలపల్లికి వస్తున్నారు. పక్కన మా అక్క వున్నది. ఆ దారి ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. రెండువైపులా అడవి, ముందూ వెనకా ఇసుక లారీలు. మొదట కాలిన వాసన వచ్చింది. ఎవరో చెత్త తగలబెట్టారు కాబోలు ననుకొన్నారు. తరువాత దీపాలు మసకబారాయి. ఆ తరువాత ఒక్కసారిగా చీకటి. డాష్‌బోర్డు కిందనుంచి పొగ. పిల్లవాడు బండిని పక్కకు దించి, పానా పట్టుకొని దూకి, బ్యాటరీ మైనస్ తీగ వూడదీశాడు. అంతటితో పొగ ఆగింది. మా అక్క రోడ్డు పక్కన నిలబడి, వచ్చే లారీకల్లా సెల్‌ఫోను దీపం వూపుతూ గంటన్నర గడిపింది. ఆమెకు అరవై దాటాయి.

మర్నాడు ఆమె నాకు ఫోను చేసి, "తమ్మీ, వానికి మంచిగ చెయ్యెటోని దగ్గరికి తీస్కపో" అన్నది. మా అక్క మాట నాకు పరీక్షల బోర్డు ఉత్తర్వు కంటే పెద్దది. కనుక ఒక ఆదివారం జనగామలో హైదరాబాదు రోడ్డుమీద వుండే ఒక ఉస్తాద్ ముందు పొద్దుటినుంచి సాయంత్రందాకా కూర్చున్నాను.

ఆయన డాష్‌బోర్డు విప్పి, కాలి గట్టిపడిన వైర్ల ముద్దను చేతిలోకి తీసుకొని చూశాడు. మావాడు సర్దిచెప్పబోయి, "పన్నెండు వోల్టులే గద, షాకు గూడ కొట్టది" అన్నాడు. ఉస్తాద్ తల యెత్తకుండానే, "కొట్టకపోతే కాల్చదని ఎవలు చెప్పిన్రు?" అన్నాడు.

పాఠకులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చిన్న లెక్క చూడాలి. ఇంట్లో 60 వాట్ల బల్బు 230 వోల్టుల మీద వెలుగుతుంది. దానికి పావు ఆంపియరు కరెంటు చాలు. అదే 60 వాట్ల బల్బు బండిలో 12 వోల్టుల మీద వెలగాలంటే 5 ఆంపియర్లు కావాలి. వోల్టులు తగ్గినకొద్దీ ఆంపియర్లు పెరుగుతాయన్నమాట. వైరును వేడెక్కించేది ఆంపియర్లే. అందులోనూ, కరెంటు రెట్టింపైతే అదే వైరులో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. మావాడి హెడ్‌లైట్లు రెండూ కలిసి 10 ఆంపియర్లు తీసుకొంటుంటే, కొత్తగా పెట్టిన 55 వాట్ల దీపాలు రెండూ ఇంకో 9 ఆంపియర్లు అడిగాయి. తొట్టి దీపం, ఫ్యాను వేరే. ఒక్క సన్నవైరు ఇంత సంసారాన్ని ఎట్లా యీదుతుంది?

ఫ్యూజు దీపాన్ని కాపాడుతుందని చాలామంది అనుకొంటారు. కాదు. అది కాపాడేది వైరును. వైరు ఎంత మోయగలదో అంతకు మించకుండా, ముందే తాను కరిగిపోవడం దాని ఉద్యోగం. అందుకే దాన్ని బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టాలి. మీటల దగ్గర పెడితే, బ్యాటరీనుంచి అక్కడిదాకా వచ్చే వైరుకు కాపలా లేనట్టే. ఫ్యూజులకు రంగులు కూడా వున్నాయి. 10కి ఎరుపు, 15కి నీలం, 20కి పసుపు, 30కి ఆకుపచ్చ. చదువు రానివాడు కూడా గుర్తుపడతాడు. చదువు వచ్చినవాడు నీలం తీసి ఆకుపచ్చ పెడతాడు.

తరువాత ఉస్తాద్ అగ్గిపెట్టెకంటే చిన్నవైన నల్లటి డబ్బీలు మూడు బయటికి తీశాడు. వాటిని రిలే అంటారు. ఆ మాట వినగానే నాలోని తెలుగు మేష్టారు మేలుకొన్నాడు. ఫ్రెంచి వారి మాట అది. దారిలో అక్కడక్కడ గుర్రాల్నీ, వేటకుక్కల్నీ తాజాగా వుంచి, అలిసినవాటి స్థానంలో కొత్తవాటిని దింపే ఏర్పాటుకు ఆ పేరు. మన డాకు కూడా మొదట అదే. మనుషుల్నీ గుర్రాల్నీ మార్చుకొంటూ ఉత్తరాలు మోయించే ఏర్పాటు. డాక్ బంగళాలు ఆ దారుల వెంట వెలిసినవే. 1830లలో అమెరికాలో జోసెఫ్ హెన్రీ, దూరం పోయి నీరసించిన కరెంటు చేత ఒక విద్యుదయస్కాంతాన్ని పనిచేయించి, దానితో మరో బలమైన కరెంటును కదిలించాడు. బండిలో డబ్బీ చేసేదీ అంతే. వేలితో మీట నొక్కితే అర ఆంపియరైనా లేని కరెంటు పోయి అయస్కాంతాన్ని లేపుతుంది. అది టిక్కుమని లోపలి తలుపు మూస్తుంది. అసలు బరువు, అంటే 9 ఆంపియర్లు, బ్యాటరీనుంచి లావుపాటి వైరులో దగ్గరదారిన దీపానికి పోతుంది. మీటదాకా రానే రాదు.

డబ్బీ అడుగున నాలుగు కాళ్లు, కాళ్లకు 30, 85, 86, 87 అని అంకెలు. అవి జర్మనీవారి ప్రమాణం. 30కి బ్యాటరీ, 87కి దీపం, 85కూ 86కూ మధ్య అయస్కాంతపు చుట్ట. జనగామలో మా ఉస్తాద్ ఎనిమిదో తరగతి. కాని ఆ నాలుగంకెలూ ఆయన నోట ఎక్కాలలాగా వస్తాయి.

ఆయన పనిలో నాకు నచ్చింది తొందర లేకపోవడం. మొట్టమొదట మైనస్ తీగ వూడదీశాడు. వైరు ఇంజను గదిలోనుంచి లోపలికి వచ్చే రంధ్రానికి రబ్బరు వాషరు తొడిగాడు. రేకు అంచు ఏడాదిపాటు ఒరుసుకొంటే ఎంతటి తొడుగైనా తెగుతుందట. ఎక్కడా మెలి లేదు, ప్రతి కొసకూ లోహపు తొడుగు వేసి పట్కారుతో నొక్కాడు. నల్లతీగ బిగించేచోట రంగు గీకి, రేకు తళతళలాడేదాకా తుడిచాడు. వైర్లన్నీ గొట్టంలో దూర్చి, జానెడుకొకచోట కట్టాడు. తొట్టిమీది పాత దీపం పారేసి 18 వాట్ల ఎల్ఈడీ పెట్టాడు. ఇంజను ఆపి రాత్రిపూట నాలుగు గంటలు బస్తాలు ఎక్కించినా 6 ఆంపియర్ అవర్లకు మించి పోదు. తెల్లవారి బండి తోయనక్కరలేదు.

మావాడు రాగాలు పలికే హారను కూడా అడిగాడు. ఉస్తాద్ పెట్టనన్నాడు. 1989 నాటి మోటారు వాహనాల నియమాలు అటువంటి హారనును ఒప్పుకోవు. అనుమతి లేకుండా ముందువైపు స్పాట్ లైటు పెట్టడాన్నీ ఒప్పుకోవు. ఆయన నియమం సంఖ్య చెప్పలేదు. "ఎదురంగొచ్చెటోనికి కండ్లు గనపడద్దా?" అన్నాడు. పొగమంచు దీపాలను కూడా నేలచూపు చూసేటట్టు వంచి బిగించాడు.

చివరకు మీటలమీద పేర్ల సంగతి వచ్చింది. పెట్టెతోపాటు వచ్చిన చీటీలన్నీ ఇంగ్లీషువి. రాత్రివేళ బండి తోలే కుర్రవాడికి ఇంగ్లీషు రాదు. టీ తాగడానికి అటు వచ్చిన మా సంస్కృతం లెక్చరరుగారు "పురోదీపిక, పృష్ఠదీపిక" అని సూచించారు. ఉస్తాద్ ఆయనవైపు జాలిగా చూశాడు. నేను తెల్లకాగితం మీద ముందు, తొట్టి, ఎనక, గాలి, ఫోను అని రాసిచ్చాను. చీకట్లో కాగితం ఎవరు చదువుతారని, తొట్టి మీటమీద ఎం-సీల్ ముద్ద చిన్నది అంటించాడు ఉస్తాద్. వేలికి అది తగిలితే దాని ఎడమ ముందు దీపం, కుడి వెనక దీపం.

ఏ డబ్బీ దేనిదో, ఏ ఫ్యూజు ఎంతదో ఒక నోటుపుస్తకం కాగితంమీద గీసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, డాష్‌బోర్డు అరలో దాచాడు. ఇంకోవూరి మెకానిక్కు ఇబ్బంది పడకూడదట.

ఆరో మీటకు వైరు లేదు, పేరూ లేదు. రెండేళ్లకొకసారి వచ్చే మేడారం జాతరకు పాటల డెక్కు పెట్టించి దానికే కలపాలని మావాడి ఆలోచన. మా అక్క ఇంకా ఒప్పుకోలేదు.