ఎలుగుబంటికి కుక్క విరుగుడు కాదు మహాప్రభో!

మా పెదనాన్నగారబ్బాయి ఒకడున్నాడు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. సియాటిల్‌లో అద్దెలూ ట్రాఫిక్కూ భరించలేక, రిమోట్ ఉద్యోగం పుణ్యమా అని మాంటానాలో బోజ్‌మన్ దగ్గర ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోయాడు. ఇంటి వెనకాల నుంచే కొండలు. చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. చిక్కల్లా ఏంటంటే, ఆ కొండల్లో ఎలుగుబంట్లూ మూస్‌లూ కూడా కాపరం ఉంటాయి. (మూస్ అంటే దుప్పి జాతే, కానీ గుర్రం కన్నా ఎత్తు. మగది 1000 పౌండ్లు సులువుగా తూగుతుంది.)

మొన్నొక రోజు మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: "రోజూ సాయంత్రం మీ వదినా, పాపా, నేనూ వాకింగుకి వెళ్తున్నాం. రక్షణకి ఏ జాతి కుక్కని కొంటే మంచిదిరా?"

ఇక చూస్కోండి. డాలస్ బావ రాట్‌వైలర్ అన్నాడు. న్యూజెర్సీ తమ్ముడు కంగాల్ అన్నాడు, దాని కొరుకుడు బలం ఎంతో లెక్కతో సహా. హైదరాబాద్ నుంచి బాబాయి "రెండు కొనరా, ఒకటి సరిపోదు" అన్నారు. ఒకడైతే కుక్కల ధరా, బరువూ, పరుగు వేగం వేసి ఎక్సెల్ షీటు తయారు చేశాడు. మన జాతి లక్షణం కదా, ఫోను కొన్నా, కారు కొన్నా, కుక్కని కొన్నా స్పెక్స్ పోల్చాల్సిందే :)

ఎవరూ అడగని ప్రశ్న ఒక్కటే. అసలు కుక్క కాపాడుతుందని ఎవరు చెప్పారు?

గ్రూపులో నేను కాస్త గట్టిగానే రాశాను. "నీకు కుక్కలంటే పడదేమో" అన్నారు. నాకు పడకపోవడం కాదు, నా ఇంట్లో ఇప్పుడు కూడా ఒక జర్మన్ షెపర్డు ఉంది. నాకెందుకింత మంట అంటే, ఈ తప్పు నేను చేశాను కాబట్టి.

2024 మే నెలాఖరు, మెమోరియల్ డే లాంగ్ వీకెండు. నేనూ, మా ఆవిడా, మా కుక్కా ఉత్తర ఐడహోలో ఒక అడవి దారిలో నడవడానికి వెళ్ళాం. అప్పటికి దానికి రెండేళ్ళు, 75 పౌండ్ల బరువు. "ఇదుండగా మనకేం భయం" అన్నది నేనే. దారిలో జనం లేరు కదా అని లీషు తీసిందీ నేనే.

ఇరవై నిమిషాలు నడిచాం. వాగు పక్క పొదల్లోకి కుక్క దూరింది. రెండు మొరుగులు వినిపించాయి. తర్వాత తోక కాళ్ళ మధ్య పెట్టుకుని సూటిగా నా వైపు పరిగెత్తుకొచ్చింది. దాని వెనకాల తల్లి మూస్. పిల్ల ఎక్కడో పొదల్లోనే ఉండుంటుంది.

మా ఆవిడ చెట్టు వెనక్కి వెళ్ళబోయి వేరు తన్నుకుని పడింది. మణికట్టు విరిగింది. కుక్కకి డొక్కలో ఒక్కటే ఒక్క తాపు, రెండు పక్కటెముకలు విరిగాయి. నాకేం కాలేదు. నేను అప్పటికే ఇంకో చెట్టు వెనకాల ఉన్నాను. ఈ చివరి వాక్యం నలుగురికీ చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది.

నన్ను కాపాడుతుందనుకున్న కుక్క, నన్ను కాపాడమంటూ నా దగ్గరికే వచ్చింది. దాని తప్పేం లేదు. భయం వేస్తే యజమాని దగ్గరికి రావాలని మనమే నేర్పాం.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం.

మూస్ సంగతి ముందు. మూస్‌కి తరతరాలుగా శత్రువు తోడేలు. దాని కళ్ళకి మీ లాబ్రడారూ తోడేలే, మీ పొమరేనియనూ తోడేలే. మనిషి ఒక్కడే కనిపిస్తే పట్టించుకోకుండా ఆకులు మేసుకునే మూస్, కుక్క కనిపించగానే మీదికి రావచ్చు. మే, జూన్ నెలల్లో పిల్లలతో ఉండే తల్లులు, సెప్టెంబరు, అక్టోబరుల్లో జత కోసం తిరిగే మగవి, చలికాలం చివర్లో లోతు మంచులో నడిచి నడిచి అలిసిపోయినవి.. ఈ మూడూ మరీ ప్రమాదం. చెవులు వెనక్కి వాల్చి, మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయంటే ఇక మాటల్లేవు. ముందు కాళ్ళతో తొక్కుతుంది. 1995లో ఆంకరేజ్‌లో, అడవిలో కాదు, యూనివర్సిటీ క్యాంపస్‌లోనే ఒక పెద్దాయన్ని మూస్ తొక్కి చంపేసింది.

అంటే మూస్ ఉన్నచోట కుక్క రక్షణ కాదు. గొడవకి కారణమే అది.

ఎలుగుబంటి సంగతి. "కుక్క మొరిగితే ఎలుగు పారిపోతుంది కదా?" పారిపోతుంది, చాలాసార్లు. పారిపోనప్పుడే మన కథ మొదలవుతుంది. వదిలేసిన కుక్క వంద గజాలు ముందుకెళ్ళి, తన దారిన తను పోయే ఎలుగుని వెతికి పట్టుకుని మొరుగుతుంది. ఎలుగు తిరగబడుతుంది. కుక్క వెనక్కి తిరిగి ఎక్కడికి పరిగెడుతుంది? మీ దగ్గరికే. ఎలుగుబంట్ల దాడుల మీద దశాబ్దాలుగా పని చేసిన కెనడా శాస్త్రవేత్త స్టీఫెన్ హెరెరో, మానిటోబాకి చెందిన హాంక్ హ్రిస్టియెంకో కలిసి 2010 నుంచి 2014 వరకు జరిగిన 92 నల్ల ఎలుగు దాడులు పరిశీలించారు. సగానికి పైగా దాడుల్లో కుక్క ఉంది. ఎక్కువ శాతం లీషు లేని కుక్కలే. కుక్క ఉన్న ప్రతిసారీ దాడి జరుగుతుందని దీనర్థం కాదు. కానీ "కుక్క ఉంటే చాలు" అనేవాళ్ళు ఒక్క నిమిషం ఆగి ఆలోచించడానికి ఇది చాలదా?

ఇక జాతుల గోల. కంగాల్, గ్రేట్ పిరెనీస్ లాంటివి గొర్రెల మందని కాపాడే కుక్కలు. చిన్నప్పట్నుంచి మందలోనే పెరిగి, ఆ మందనీ ఆ చోటునీ తమవనుకుంటాయి. ఒకటి కాదు, రెండు మూడు కలిసి కాస్తాయి. రాత్రంతా మొరుగుతూ తిరగడం వాటి ఉద్యోగం. దాన్ని తెచ్చి కాలనీలో కట్టేసి, సాయంత్రం అరగంట బాడీగార్డ్ పని చెయ్యమంటే ఎలా? రాట్‌వైలర్, జర్మన్ షెపర్డు.. ఇవి మనుషుల మీద కాపలాకి తర్ఫీదైనవి. దొంగకీ ఎలుగుకీ తేడా ఉంది బావా!

"మరి కరేలియన్ బేర్ డాగ్?" ఇది గ్రూపులో కాస్త చదువుకున్నవాడి ప్రశ్న. నిజమే, ఫిన్లాండు వైపు నుంచి వచ్చిన ఈ కుక్కలు ఎలుగుల్ని ఎదుర్కోగలవు. మాంటానాలో విండ్ రివర్ బేర్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ 1996 నుంచి వీటికి తర్ఫీదు ఇచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రం వన్యప్రాణి శాఖ కూడా ఇలాంటి కుక్కల్ని పనిలోకి తీసుకుంది. కానీ అక్కడ కుక్క ఒక్కటే లేదు. చిన్న పిల్లగా ఉన్నప్పుడే ఏరి తర్ఫీదిస్తారు. పక్కన రబ్బరు గుళ్ళ తుపాకీతో ఒక అధికారి ఉంటాడు. వాళ్ళ పని కూడా వేరు, ఊళ్ళోకొచ్చిన ఎలుగుని బెదరగొట్టి మళ్ళీ రాకుండా చెయ్యడం. కుక్కని మాత్రం కొని ఆ తర్ఫీదునీ, ఆ మనిషినీ వదిలేస్తే, సర్వర్ లేకుండా యాప్ డౌన్లోడ్ చేసుకున్నట్టే. ఐకాన్ బావుంటుంది, పని చెయ్యదు.

"మా తాత రోజూ పొలానికి కుక్కతోనే వెళ్ళేవాడు" అన్నాడు ఇంకొకడు. వెళ్ళేవాడు. ఆ కుక్క ఆ పొలంలో పుట్టి పెరిగింది, ప్రతి గట్టూ దానికి తెలుసు. అన్నిటికన్నా ముఖ్యం, తాతకి ఆ కుక్క తెలుసు. అది ఏ రకంగా మొరిగితే పాము, ఏ రకంగా మొరిగితే పక్కూరి కుక్క అని ఆయనకి అర్థమయ్యేది. మీకు తెలుసా? కంగాల్ కొరుకుడు బలం తెలుసు, అంతే.

2023లో తిరుమల నడకదారిలో చిరుతపులి ఒక చిన్నపిల్లని పొట్టన పెట్టుకుంది. తర్వాత భక్తుల చేతికి కర్రలిచ్చారు. అందరం జోకులేసుకున్నాం. అక్కడ నిజంగా పనికొచ్చిన మాట ఏంటి? గుంపుగా నడవండి, పిల్లల్ని ముందుకి పరిగెత్తనివ్వకండి, చీకటి పడ్డాక నడవకండి. కర్రని చూసి నవ్విన మనమే బోజ్‌మన్ కొచ్చేసరికి నాలుగు కాళ్ళ కర్ర కోసం వెతుకుతున్నాం.

మరి ఏది పని చేస్తుంది? వినడానికి చప్పగా ఉంటుంది, అందుకే ఎవరికీ నచ్చదు.

ఒకటి, గుంపుగా వెళ్ళడం, మాట్లాడుతూ నడవడం. ఎలుగుకి మనం వస్తున్నామని ముందే తెలిస్తే అదే తప్పుకుంటుంది. చాలా దాడులు హఠాత్తుగా ఎదురుపడటం వల్లే. గట్టిగా మాట్లాడుకోవడం తెలుగువాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆస్తి పంపకాల గురించి మొదలుపెట్టండి, మైలు దూరంలో ఎలుగు ఉండదు :) చెవుల్లో ఇయర్‌ఫోన్లు మాత్రం తీసెయ్యండి.

రెండు, బేర్ స్ప్రే. మిరపఘాటే, మనకి కొత్త కాదు. డబ్బా 40, 50 డాలర్లు. 30 అడుగుల దాకా కొడుతుంది. అలాస్కాలో 1985 నుంచి 2006 వరకు స్ప్రే వాడిన సంఘటనల మీద 2008లో ఒక అధ్యయనం వచ్చింది. గోధుమ ఎలుగుల విషయంలో 92 శాతం, నల్ల ఎలుగుల విషయంలో 90 శాతం సార్లు స్ప్రే వాటిని ఆపింది. స్ప్రే చేతిలో ఉన్నవాళ్ళలో 98 శాతం మందికి దెబ్బ తగల్లేదు. కానీ డబ్బా బ్యాగు అడుగున కాదు, నడుముకి ఉండాలి. క్లిప్పు తియ్యడం ముందే నాలుగుసార్లు అలవాటు చేసుకోవాలి. దోమల మందులా ఒంటికి కొట్టుకునేది కాదు, నవ్వకండి, అలా చేసినవాళ్ళున్నారు. విమానంలో తీసుకెళ్ళనివ్వరు, చెక్ఇన్ బ్యాగులో కూడా. దిగాక కొనుక్కోండి.

మూడు, ఏం చెయ్యాలో గుర్తుపెట్టుకోవడం. ఎలుగు కనిపిస్తే పరిగెత్తకూడదు. మూస్ మీదికొస్తే పరిగెత్తాలి, మధ్యలో లావుపాటి చెట్టు ఉండేలా చూసుకోవాలి. రెండూ తారుమారు చేస్తే కష్టం.

స్ప్రేని దేవుణ్ణి చెయ్యడం లేదు నేను. 2023 సెప్టెంబరులో కెనడాలో బాన్ఫ్ పార్కులో అడవి బాగా తెలిసిన ఒక జంటని గ్రిజ్లీ చంపేసింది. వాళ్ళ దగ్గర స్ప్రే ఉంది, డబ్బా వాడేశారు కూడా. వాళ్ళతో కుక్కా ఉంది, అదీ చనిపోయింది. వంద శాతం గ్యారంటీ ఎక్కడా లేదు. ఉన్నదాంట్లో మంచి లెక్క ఏదో చూసుకోవడమే మన చేతుల్లో ఉంది. అది ఇంజనీరుకి వేరే చెప్పాలా?

ఇంకో చిన్న విషయం. గ్లేసియర్, యెల్లోస్టోన్ పార్కుల్లో ట్రయల్స్ మీదికి కుక్కని అసలు రానివ్వరు. 2000 డాలర్లు పోసి కొన్న బాడీగార్డుకి గేటు దగ్గరే ఆపు!

చివరిగా, గ్రూపులో అన్నయ్యకి నేను చెప్పలేకపోయిన మాట. కుక్క పరికరం కాదు, ప్రాణం. పన్నెండేళ్ళు బతుకుతుంది. అన్నయ్యది హెచ్ వన్ వీసా. ఉద్యోగం పోతే చేతిలో 60 రోజులు. 2022, 2023 లేఆఫ్‌ల్లో ఇల్లు ఖాళీ చేసి, కారు అమ్మి, "మా కుక్కని ఎవరైనా తీసుకుంటారా" అని బతిమాలుకుంటూ గ్రూపుల్లో వచ్చిన మెసేజులు నేను చూశాను. ప్రేమతో పెంచుకున్నవాళ్ళే ఆ పరిస్థితిలో పడ్డారు. సెక్యూరిటీ కోసం కొన్నవాడు ఎన్ని రోజులు ఉంచుకుంటాడు? పైగా ఎలుగొస్తే అది ముందుకెళ్ళి చావాలన్నదే కదా మన ప్లాను. పాపకి ఆ మాట చెప్పగలడా, "ఇది నీకోసం చచ్చిపోవడానికి తెచ్చానమ్మా" అని?

కుక్కని పెంచుకోవద్దని ఎవరూ అనడం లేదు. పాపకి కుక్క కావాలంటే, మీకు రోజూ రెండుపూటలా దాన్ని తిప్పే ఓపికుంటే, హాయిగా తెచ్చుకోండి. కొండ దారిలో ఆరడుగుల లీషు తియ్యొద్దు. లీషులో ఉన్న కుక్క ఠక్కున ఆగి చెవులు నిక్కించి ఒకవైపే చూస్తే, మీరూ ఆగి వెనక్కి తిరగండి. కుక్క చెయ్యగలిగిన సాయం అది. మిగతా కాపలా మీది. దాన్నీ మీరే కాపాడాలి.

నిన్న వదిన ఫోన్ చేసింది. రెండు స్ప్రే డబ్బాలు కొన్నారట. "మీ అన్నయ్య ఇంకా కుక్క ఫోటోలు చూస్తూనే ఉన్నాడు" అంది. చూడనివ్వమన్నాను. మా ఆవిడ మణికట్టు చలికాలం వస్తే ఇప్పటికీ నొప్పి పెడుతుంది. కావాలంటే అన్నయ్యని ఆవిడతో ఒకసారి మాట్లాడమని చెప్పు వదినా అన్నాను.