ఇల్లూ వాకిలీ: సెల్‌ఫోనులో రసీదుల పెట్టె

వెనుకటి రోజుల్లో మన యిళ్ళలో గోడకు ఒక వంపు తీగ వేలాడుతూ వుండేది. పాలవాడి చీటీ మొదలు ఇంటిపన్ను రసీదు వరకు అన్నీ దానికే గుచ్చేవారు. తీగ నిండితే చీటీలను కట్టగట్టి ట్రంకుపెట్టెలోకి చేర్చేవారు. కాగితం పసుపుబారినా, అంచులు పురుగు కొట్టినా, వ్రాసిన సిరా మాత్రం యేళ్ళ తరబడి నిలిచేది.

ఇప్పటి రసీదుల సంగతి వేరు. దుకాణంలో చిన్న యంత్రంనుంచి జర్రున వచ్చే ఆ నున్నని కాగితంమీద సిరా అనేదే లేదు. కాగితానికి పూసిన రసాయనం వేడి తగిలినచోట నల్లబడుతుంది, అవే అక్షరాలు. కనుక ఎండ, వేడి, నూనెచెయ్యి, ప్లాస్టిక్ కవరు, అన్నీ దానికి శత్రువులే. కొన్నాళ్ళకు అక్షరాలు వెలిసిపోయి ఉత్త కాగితం మిగలటం కద్దు. భద్రంగా వుంటుందని లామినేషన్ చేయించేరు సుమా! ఆ వేడికి కాగితమంతా నల్లబడి వూరుకుంటుంది.

రసీదు పోతే పోయేదేమిటి అంటారా? గ్యారంటీలో వున్న ఫ్రిజ్ చెడిపోతే మొదట అడిగేది బిల్లే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ఫిర్యాదుకు కారణం పుట్టిన రెండేళ్ళలోగా కమిషన్ మెట్లు ఎక్కవచ్చు. చేతిలో బిల్లు వుంటే మాటకు బలం. ఇంటికి మేడ వేసిన ఖర్చు, ఆ ఇల్లు అమ్మిననాడు ఆదాయపు పన్ను లెక్కలో అక్కరకు వస్తుంది. ఇక ఆసుపత్రి ఖర్చు ముందు మనమే కట్టి, తర్వాత బీమా కంపెనీని అడిగే పద్ధతిలో అసలు బిల్లులే పంపమనటం మామూలు. అవి పంపేశాక మన దగ్గర మిగిలేది ముందుగా తీసుకున్న ఫొటో ఒక్కటే.

కనుక మేము చెప్పే మొదటి మాట: కొన్ననాడే ఫొటో తీయండి. రేపన్నది రసీదులకు పనికిరాదు. పగటి వెలుగులో, బల్లమీద పరచి, నాలుగు మూలలూ కనిపించేటట్లు తీయాలి. తేదీ, దుకాణం పేరు, బిల్లు నంబరు, మొత్తం చదవటానికి వీలుగా వున్నవో లేవో అప్పుడే చూసుకోవాలి. వెనుకవైపు షరతులుంటే అదీ ఒక ఫొటో. వాట్సాప్‌లో పంపితే ఫొటో పలచబడుతుంది. పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపటం మేలు.

రెండవ మాట: పేరు పెట్టండి. పేరులేని ఫొటో పెళ్ళి ఫొటోల్లో, మనుమల ఫొటోల్లో కలిసి కనపడకుండా పోతుంది. ముందు సంవత్సరం, తర్వాత నెల, తేదీ, ఆపైన వస్తువు పేరు వేస్తే అవి వాటంతట అవే వరుసలో నిలుస్తాయి. మన రసీదులు ఒకచోట తమిళంలో, ఒకచోట కన్నడంలో, మరొకచోట ఒడియాలో వుంటాయి. పిల్లలకు ఒక లిపి వస్తే పెద్దలకు మరొకటి రాదు. అందుచేత ఇంటిల్లిపాదీ చదవగల ఒక్క భాషలోనే పేర్లు పెట్టటం మంచిది. ఇల్లు, వైద్యం, నగలు, సామాను, చదువు అని అయిదు ఫోల్డర్లు చాలు.

మూడవ మాట భద్రత. రసీదులో యేముంది, దొంగకేం పనికి వస్తుంది అనుకోరాదు. మన పేరు, ఫోను నంబరు, చిరునామా, ఏ జబ్బుకు ఏ మందు వాడుతున్నామో, ఎన్ని కాసుల బంగారం కొన్నామో అన్నీ అందులోనే వున్నవి. ఫోనుకు తాళం వుండాలి. రసీదులుంచిన యాప్‌కు వేరే తాళం వుంటే మరీ మంచిది. ఊరూ పేరూ లేని యాప్‌ను, ఉచితమన్నారని, ఇంట్లోకి రానివ్వకండి. ఓటీపీ ఎవరడిగినా చెప్పకండి.

ఫోను నీళ్ళలో పడితే అందులోని పెట్టె కూడా మునిగినట్లే గనుక, రెండవ ప్రతి మరొక చోట వుండాలి. గూగుల్ ఖాతాలో 15 జీబీ వరకు ఉచితం. అయితే అక్కడ దాచిన ఫొటోను ఫోనులోని గూగుల్ ఫొటోస్‌లో చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. దాచుకున్నది 60 రోజులు మాత్రం చెత్తబుట్టలో వుంటుంది. కేంద్ర ప్రభుత్వం 2015లో పెట్టిన డిజిలాకర్‌లో కూడా మన కాగితాలు చేర్చుకోవచ్చు. ప్రభుత్వ శాఖలు అందులోకి నేరుగా పంపిన పత్రాలకు అసలు పత్రాల హోదా వున్నది. మనం ఫొటో తీసి చేర్చినవాటికి ఆ హోదా లేదు. అందుచేత దస్తావేజులు, నగల బిల్లులు, ఇంటిపన్ను రసీదుల అసలు కాగితాలను ఫొటో తీశామని పారవేయరాదు.

చివరి మాట కొంచెం కష్టమైనదే అయినా చెప్పక తప్పదు. చాలా యిళ్ళలో ఈ పెట్టె తాళం ఒక్కరి దగ్గరే వుంటుంది. ఆ ఒక్కరూ మంచాన పడితేనో, కన్ను మూస్తేనో, బీమాకు కావలసిన కాగితం ఫోనులో వుందని తెలిసీ భార్య తెరవలేని అవస్థ కలుగుతుంది. రెండేళ్ళపాటు ఎవరూ తాకని ఖాతాను గూగుల్ తీసివేయవచ్చునని కూడా గుర్తుంచుకోవాలి. తాళం సంగతి ఒక కాగితంమీద వ్రాసి, కవరులో పెట్టి, బీరువాలో దాచి, ఆ చోటు ఇంట్లో మరొకరికి చెప్పి వుంచండి. నెలకొకసారి ఆ మరొకరి చేత ఏదో ఒక రసీదు తీయించి చూడండి. నిమిషంలో చేతికి వస్తే మీ పెట్టె సరిగా వున్నట్లే. రాకపోతే, అవసరం ముంచుకురాకముందే సర్దుకోవటానికి ఇదే అదను.