యోగాభ్యాసము – స్మృతి – అధ్యయన సంప్రదాయము

గోలకొండ కోట నుండి పురానాపూల్ వైపు వచ్చే దారిలో ఉన్న కార్వాన్ కుతుబ్‌షాహీల కాలంలో వర్తకుల విడిది. బిడారులు దిగిన చోటు కనుకనే దానికా పేరు. 1671లో కట్టిన తోలీ మసీదు నేటికీ అక్కడ నిలిచి ఉన్నది. గోలకొండ వజ్రాలు వ్యాపారం జరిగిన ఆ ప్రాంతాన్ని తలచుకున్నప్పుడు వాక్యపదీయ బ్రహ్మకాండలోని ఒక మాట స్ఫురించక మానదు. మణుల, నాణెముల తారతమ్యము ఎరిగినవారికి ఆ జ్ఞానము అభ్యాసము వల్లనే కలుగుతుందనీ, అది అనుమానముచే సిద్ధించేది కాదనీ, ఇతరులకు మాటలతో చెప్పి అందించరానిదనీ భర్తృహరి సిద్ధాంతము. రత్నాన్ని వేలసార్లు చూచిన కన్నే రత్నాన్ని పోల్చగలదు.

ఈ మాటను ఇప్పుడు గుర్తుచేయవలసిన అవసరము ఏర్పడినది. 2014 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి తీర్మానించగా 2015 నుండి జూన్ 21వ తేదీ అంతర్జాతీయ యోగ దినోత్సవముగా జరుగుతున్నది. యోగానికి లోకాదరణ కలగడం సంతోషించదగినదే. అయితే దానితోపాటు ‘యోగం చేస్తే జ్ఞాపకశక్తి పెరుగుతుంది’ అన్న మాట విద్యాలయాలలో సిద్ధాంతముగా చెలామణీ అవుతున్నది. ప్రాచ్య కళాశాలలకు ఇది చిన్న విషయము కాదు. ఆసన ప్రాణాయామములతోనే ధారణ సిద్ధించేటట్లయితే అమరము, శబ్దమంజరి, అష్టాధ్యాయి వల్లింపజేయడానికి పూర్వులు వెచ్చించిన ఏండ్లు వృథాశ్రమ అనవలసి వస్తుంది. వల్లెవేతకు సమయము నానాటికీ కుదించుకుపోతున్న రోజులలో ఈ ప్రశ్నను విచారింపక తప్పదు.

మొదట శాస్త్రము ఏమన్నదో చూడవలెను. పతంజలి చిత్తవృత్తులను ఐదింటిగా చెప్పి స్మృతిని వానిలో కడపటిదిగా పేర్కొన్నాడు. ప్రమాణ విపర్యయాదులవలె స్మృతి కూడా నిరోధింపవలసిన వృత్తియే. అంతేకాదు, నిర్వితర్క సమాపత్తి సందర్భములో చెప్పిన స్మృతి పరిశుద్ధి అనగా శబ్దసంకేత స్మృతి తొలగిపోవడమేనని వ్యాసభాష్యము వివరించినది. కనుక గ్రంథములను కంఠస్థము చేయించడము యోగశాస్త్రానికి ప్రయోజనము కాదు.

శ్రద్ధా వీర్యములతోపాటు స్మృతి కూడా సమాధికి ఉపాయముగా చెప్పబడినది కదా అని ఆక్షేపింపవచ్చును. నిజమే. కాని అక్కడి స్మృతి చిత్తాన్ని వ్యాకులత లేకుండా నిలిపే నిరంతర జాగరూకత. చదివిన పాఠాన్ని తిరిగి అప్పగించే సామర్థ్యము వేరు.

పదసామ్యము వలన కలిగే భ్రాంతి మన తెలుగునేలపై ఇంకొకటి గలదు. అవధానములో ‘ధారణ’ అనగా పృచ్ఛకుల కిచ్చిన పద్యాలన్నిటినీ చివరకు వరుసగా అప్పజెప్పడము. యోగములో ‘ధారణ’ అనగా చిత్తాన్ని ఒక్క చోట బంధించడము. తిరుపతి వేంకట కవులు శతావధానములలో చూపినది బహువిషయములందు ఏకకాలములో జాగరూకత. యోగి కోరేది ఏకవిషయ స్థితి. పేరు ఒకటైనంతమాత్రాన ఒకదాని సాధన రెండవదానికి సాధనమని నిశ్చయింపరాదు.

స్మృతికి కారణములను నిజముగా లెక్కపెట్టినవాడు గౌతముడు. న్యాయసూత్రముల తృతీయాధ్యాయములో స్మృతి హేతువుల పట్టికలో ముందుగా నిలిచినవి ప్రణిధానము, నిబంధము, అభ్యాసము. స్మరింపగోరి మనస్సును నిలుపుట ప్రణిధానము. విషయములు ఒక గ్రంథములో పరస్పరము కూర్పబడి ఉండుట నిబంధము. మరల మరల ఆవృత్తి చేయుటచే సంస్కారము దృఢపడుట అభ్యాసము. ఈ మూడింటిలో యోగము తోడ్పడగలిగినది మొదటిదానికి. తక్కిన రెండూ గురువు, గ్రంథము, వల్లెవేత వల్లనే రావలెను.

ఆధునిక పరిశోధనలు కూడా చాలవరకు ఈ విభాగానికి అనుకూలముగానే ఉన్నవి. 1997లో నవీన్, నాగరత్న, నాగేంద్ర, షర్లీ టెలిస్ ప్రకటించిన పరిశోధనలో 10 నుండి 17 ఏండ్ల వయసు గల 108 మంది బాలబాలికలు నాలుగు జట్లుగా పది రోజులు శ్వాసాభ్యాసములు చేసినారు. స్థానములను గుర్తుంచుకొనే పరీక్షలో వారి ఫలితము సగటున 84 శాతము పెరిగినది. శబ్దస్మృతిలో అటువంటి వృద్ధి కనబడలేదు. ప్రాచ్య విద్యార్థికి కావలసినది ఆ శబ్దస్మృతియే.

2016లో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారి పరిశోధన దీనికి కొంత భిన్నమైనది. 55 ఏండ్లు దాటిన 25 మందిలో కొందరు 12 వారాలు యోగ ధ్యానములు, తక్కినవారు జ్ఞాపకశక్తి శిక్షణ పొందినారు. శబ్దస్మృతి రెండు జట్లలోనూ మెరుగుపడినది. ఇది యోగానికి గౌరవప్రదమైన ఫలితమే. కాని సంఖ్య స్వల్పము, పాల్గొన్నవారు మరపు కలుగుతున్నదని గుర్తించిన పెద్దలు. దానిని పదునెనిమిదేండ్ల విద్యార్థికి యథాతథముగా అన్వయింపరాదు.

అదే 2016లో 21 మంది వేదపండితుల మెదడును మరి 21 మంది మెదడుతో పోల్చిన పరిశోధన వెలువడినది. స్మృతికి ముఖ్యమైన హిప్పోకాంపస్ అనే భాగములో, కుడివైపున, పండితులలో ధూసరపదార్థము అధికముగా కనిపించినది. ఇది వల్లెవేత ఫలమే అని ఆ ఒక్క పరిశోధన నిరూపింపజాలదు. జన్మసిద్ధమైన భేదము, జీవనవిధానము కూడా కారణములు కావచ్చును. అయినను పద, క్రమ, జటా, ఘన పాఠములతో ఏండ్ల తరబడి సాగే అధ్యయనము మెదడు నిర్మాణముతో సంబంధము గలదని అనుకొనడానికి అది బలమైన ఆధారము.

అందుచేత యోగానికి విద్యాలయములో స్థానము లేదని కాదు. దాని స్థానము పాఠానికి ముందు. ఉదయము కొంతసేపు ప్రాణాయామము చేసి, చిత్తము కుదుటపడిన పిమ్మట వల్లెవేతకు కూర్చుంటే ప్రణిధానము, అభ్యాసము రెండూ కలుస్తవి. వల్లెవేత గంటను తీసి యోగ గంటను పెట్టడము మాత్రము పునాదిరాయి పెకలించి గోడకు సున్నము వేయడమే.

ఈ విషయమై ప్రాచ్య కళాశాలలు కేవలము అభిప్రాయములతో తృప్తిపడనక్కరలేదు. కార్వాన్‌కు చేరువలోని సీతారాంబాగ్ మొదలుకొని ఆంధ్ర, తెలంగాణములలో సంస్కృత విద్యాలయములు ఇంకను ఉన్నవి. ఒకే తరగతిని రెండు జట్లు చేసి, ఇద్దరికీ ఒకే గురువుచే అమరము ప్రథమకాండ వల్లింపజేసి, ఒక జట్టుకు మాత్రము ముందుగా ప్రాణాయామము చేయించి, రెండవ జట్టును అంతసేపు ఊరక కూర్చుండబెట్టి, ఆరు నెలల పిమ్మట ఏ జట్టు ఏదో ఎరుగని పరీక్షకునిచే అప్పగింత పరీక్షింపజేయవచ్చును. దీనికి యంత్రములు అక్కరలేదు, ధనము అక్కరలేదు. ఓర్పు గల అధ్యాపకులు ఉంటే చాలును. ఫలితము ఏదైనను రెండు జట్ల విద్యార్థుల నోటనూ అమరము నిలుస్తుంది.