నివురుగప్పిన నిప్పు

క్లాసులో "నివురుగప్పిన నిప్పు" అన్న మాట వస్తే, లోపల రగిలే కోపాన్నో, బయటపడని ప్రతిభనో ఉదాహరణగా చెప్పి ముందుకు సాగిపోవడం ఇన్నేళ్ళుగా నాకు అలవాటు. ఆ మాట అసలు రుచి వంటవాళ్ళకే తెలుసునని కిందటి వేసవి సెలవుల్లో, చికాగో పొలిమేరల్లో కాపురముంటున్న మా తమ్ముడి పెరట్లో బోధపడింది.

అక్కడ వేసవి వచ్చిందంటే ఆదివారం వంట పెరట్లోనే. దాన్ని బార్బెక్యూ అంటారు. మావాడి పొయ్యి కాళ్ళమీద నిలబెట్టిన గుండ్రటి ఇనపడొప్ప. పైన అలాంటిదే మూత. ఈ తరహా పొయ్యి పుట్టింది ఆ ప్రాంతంలోనే. 1952లో జార్జి స్టీఫెన్ అనే ఆయన, తాను పనిచేసే వెబర్ బ్రదర్స్ కార్ఖానాలో, నీళ్ళపై తేలుతూ ఓడలకు గుర్తుగా ఉండే ఇనపగోళాన్ని రెండు డొప్పలు చేసి, ఒకదానికి కాళ్ళూ, రెండోదానికి పిడీ తగిలించాడు.

మావాడికి ఉత్సాహమెక్కువ, ఓపిక తక్కువ. బొగ్గులమీద ఇంకా మంట లేస్తుండగానే కోడి తొడలు పరిచేశాడు. పైన మాడి మసి; లోపల ఎముక దగ్గర పచ్చి.

"ఏమిటక్కయ్యా, ఇలా అయింది?" అన్నాడు దిగాలుగా.

నేను కోడిని ముట్టనుగాని నిప్పును ఎరుగుదును. "మంటమీద కాదురా, నిప్పులమీద కాల్చాలి. అమ్మమ్మ పచ్చడికి వంకాయ ఎలా కాల్చేదో మరిచిపోయావా?" అన్నాను.

రెండో విడత నా అజమాయిషీలో నడిచింది. సామాను పెద్దగా అక్కరలేదు. బొగ్గులు రాజేసే ఇనపగొట్టం ఒకటి. అడుగున కాగితం వెలిగిస్తే, గాలి కిందినుంచి ఎగదన్ని ఇరవై నిమిషాల్లో బొగ్గులన్నీ రాజుకుంటాయి. కిరసనాయిలు జోలికి పోవద్దు. రగిలే బొగ్గులపై దాన్ని పోయడం ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే. చెయ్యి కాలకుండా మూరెడు పట్టకారు. మాంసంలో గుచ్చి చూసే థర్మామీటరు. కోడిమాంసం లోపల 74 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరాలి. రంగు చూసి నమ్మరాదు. పచ్చిమాంసం పెట్టిన పళ్ళెంలో ఉడికినదాన్ని పెట్టరాదు.

బొగ్గులకు తెల్లటి నివురు పట్టాక అన్నిటినీ ఒక పక్కకు నెట్టాలి. రెండోపక్క ఖాళీ. ముందు ఖాళీ పక్కన ముక్కలుంచి మూతపెడితే లోపలిదాకా నిదానంగా ఉడుకుతాయి. ఆఖరున నిప్పులవైపు జరిపి రెండు నిమిషాలు తిప్పితే పైన ఎర్రగా కాలుతాయి. మూతకూ అడుగుకూ ఉన్న చిల్లులే ఈ పొయ్యికి విసనకర్ర. తెరిస్తే నిప్పు రాజుకుంటుంది, మూస్తే మందగిస్తుంది.

ముక్కలు సగం ఉడికేసరికి చినుకులు మొదలయ్యాయి.

"గ్యారేజీలోకి లాగేద్దాం. మంటా లేదు, పొగా లేదు, భయమేముంది?" అంటూ వాడు పొయ్యిమీద చెయ్యి వేశాడు.

"వద్దు!" అని అరిచాను. లోపలినుంచి మరదలు పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది వదినగారూ?"

చెప్పక తప్పలేదు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, మా ఊళ్ళో పుష్యమాసపు చలిలో, ఎవరో జాలిపడి పొగ ఆరిన కుంపటిని పురిటిగదిలో పెట్టి తలుపులు బిగించారు. తెల్లవారుజామున బిడ్డ ఏడుపు వినపడక అమ్మమ్మ తలుపు తోసింది. అమ్మ తల ఎత్తలేకపోయింది. బిడ్డ చేతుల్లో వేలాడిపోయాడు. బయటి గాలిలోకి తెచ్చాక ఇద్దరూ బతికి బట్టకట్టారు. ఆనాటినుంచి అమ్మమ్మ కుంపటిని వసారా దాటి లోపలికి రానివ్వలేదు.

"ఆ బిడ్డవు నువ్వేరా" అన్నాను.

బొగ్గులనుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగులేదు, వాసనలేదు. తలనొప్పి, వికారం, మగత. ఆ మగతలోనే ప్రాణం పోవచ్చు. గ్యారేజీ తలుపు తెరిచి ఉంచినా చాలదు. నివురు పట్టిందంటే వంటకు సిద్ధమైందని అర్థం, చల్లారిందని కాదు.

తమ్ముడు మాట్లాడకుండా పొయ్యిమీది చెయ్యి తీసి, గొడుగు తెచ్చుకుని అక్కడే నిలబడ్డాడు. మూత కింద వంట నిక్షేపంగా సాగింది.

ఈ ఏడు క్లాసులో ఆ మాట మళ్ళీ వచ్చింది. కోపం సంగతి తర్వాత చెప్పాను. ముందు కుంపటి సంగతి చెప్పాను.