వంటింటి సౌందర్యం: ఓచరు ఏది?

నేను రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. చదివింది బీకాం. డాక్టర్ని కాను, రసాయన శాస్త్రవేత్తని అసలే కాను. నాకు తెలిసిన విద్య ఒక్కటే: ఎవరైనా బిల్లు పెడితే "ఓచరు ఏది?" అని అడగడం. ఇక్కడ చేయబోయేదీ అదే.

కిందటేడు మే నెలలో మా తమ్ముడి కూతురికి ఒక సంబంధం వచ్చింది. వాళ్లుండేది ఇక్కడే, జంషెడ్‌పూర్‌లోని కద్మాలో. "పిల్ల కాస్త చామనఛాయ" అని అవతలివాళ్లు అన్నారట. అంతే, వంటిల్లు ప్రయోగశాల అయిపోయింది! పక్కింటి బీహారీ ఆవిడ ఉబ్టన్ అంది, మా మరదలు నలుగు అంది, ఫోన్లో చూసిన వీడియో నిమ్మరసం దండిగా పిండమంది. సెనగపిండి, పసుపు, నిమ్మరసం కలిపి మొహానికి పట్టించి, ఆరాలని పిల్లని డాబా మీద ఎండలో కూర్చోబెట్టారు. రెండో రోజుకి బొబ్బలు. ఆ తర్వాత నల్లటి మచ్చలు.

"అందులో కెమికల్ ఏమీ లేదు కదా పెదనాన్నా! అన్నీ నేచురలే!" అంది పిల్ల ఏడుస్తూ.

నా తగాదా ఆ మాటతోనే. నీళ్లు రసాయనం కాదా? ఉప్పు కాదా? గన్నేరు పప్పు నూటికి నూరుపాళ్లూ సహజమే, తిని చూస్తారా? నిమ్మలో ఫ్యూరోకౌమరిన్లనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే చర్మం కాలుతుంది. చర్మవైద్యులు దీన్ని ఫైటోఫోటోడెర్మటైటిస్ అంటారు. పైగా నిమ్మరసం పీహెచ్ సుమారు 2, చర్మానిది సుమారు 5. తేడా మూడే కదా అనుకోకండి. ఈ లెక్కలో ఒక్కో అంకెకి పది రెట్లు, అంటే వెయ్యి రెట్ల ఆమ్లం! మంట తగ్గడానికి పక్కింటావిడ వంటసోడా రాయమంది. దాని పీహెచ్ 8 పైన. అటు కొట్టి, ఇటు కొట్టడం!

ఇక పసుపు. "అమెరికావాడే పేటెంటు తీసుకున్నాడు, మన పూర్వులు గొప్పవాళ్లు కారా?" అంటారు. రికార్డు చూద్దాం. పసుపుతో గాయాలు మాన్పడంపై అమెరికాలో 1995లో పేటెంటు ఇచ్చిన మాట నిజం. మన సీఎస్ఐఆర్ అభ్యంతరం చెప్పగా 1997లో అది రద్దయింది. ఎందుకు? అది కొత్త సంగతి కాదని, భారతీయులకి ముందే తెలుసని. అంటే తేలింది వాడుక పాతదని మాత్రమే, పసుపు మొహాన్ని తెల్లబరుస్తుందని కాదు. పాత పద్దు అయినంత మాత్రాన సరైన పద్దు అవుతుందా? పసుపులోని కర్‌క్యుమిన్ మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలను 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో కొందరు రసాయన శాస్త్రవేత్తలు సమీక్షించారు. అది త్వరగా విచ్ఛిన్నమవుతుందనీ, ఏ జబ్బుకీ పకడ్బందీ పరీక్షలో నెగ్గలేదనీ తేల్చారు.

ఆ పసుపైనా శుద్ధమేనా? 2024లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, మన పక్కనే ఉన్న పాట్నాలో కొన్న పసుపులో గ్రాముకి 1000 మైక్రోగ్రాములు దాటిన సీసం దొరికింది. చట్టం ఒప్పుకునేది 10. రంగు కోసం కలిపే లెడ్ క్రోమేట్ దీనికి కారణం. సీసం చర్మం గుండా పెద్దగా ఎక్కదు, నిజమే. కానీ నలుగు పెట్టిన పసిపిల్లలు చేతులు నోట్లో పెట్టుకోరా?

జమ వైపు కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. సెనగపిండి జిడ్డు పీల్చుకుంటుంది. కొబ్బరినూనె పొడిచర్మాన్ని మెత్తబరుస్తుంది. వాడుకోండి, ఎవరొద్దన్నారు? కానీ పెరుగూ, నీళ్లూ కలిపిన ముద్దని సీసాలో దాచుకుంటే అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. కంపెనీవాడు ప్రిజర్వేటివ్ వేసేది అందుకే.

అసలు రోగం మొహం మీద లేదు. 1975లో మార్కెట్లోకొచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీని మనం దశాబ్దాల పాటు తిట్టాం. 2020లో ఆ కంపెనీ పేరులోంచి 'ఫెయిర్' తీసేసింది. మన వంటిళ్లు ఇంకా తీయలేదు! బహుళజాతి సంస్థ ట్యూబులో పెట్టి అమ్మిన న్యూనతనే, ప్రేమగా, ఉచితంగా, గిన్నెలో కలిపి మన ఆడపిల్లలకి పూస్తున్నాం. హేతువాదులమని చెప్పుకునే మన ఇళ్లలో కూడా. మా తమ్ముడు నాతోపాటు సభలకి వచ్చేవాడే. ఆ రోజు డాబా మీదికి గిన్నె తీసుకెళ్లింది కూడా వాడే.

బాబాలను ప్రశ్నించడం తేలిక. సొంతింట్లో "నల్లగా ఉంటే ఏమిటట?" అని అడగడమే కష్టం. నేనూ ఆ రోజు అడగలేదు. సంబంధం చెడుతుందేమోనని నోరు మూసుకున్నాను. ఆ తప్పు నా ఖాతాలోనే రాసుకున్నాను.

మచ్చలు పోవడానికి నాలుగు నెలలు పట్టింది. అవి పోకముందే ఆ సంబంధం నాకొద్దని మా పిల్లే చెప్పేసింది. మేమెవరం అడగని ప్రశ్న అదే అడిగింది.