నిజమైన అశోకమును నాటుదము

మాళవికాగ్నిమిత్రము తృతీయాంకమున మాళవిక పాదతాడనముచే అశోకమునకు దోహదము చేయును. పంచమాంకమున అది పూచును. ఈ ఘట్టము పాఠము చెప్పునపుడు విద్యార్థులు తలంచునది వీథులవెంట నిటారుగా పెరుగు నరమామిడిని. దానినే నేడు లోకము అశోకమనుచున్నది. దాని పూలు లేతాకుపచ్చనివై ఆకులలో కలిసిపోవును. అట్టి పూలకై ధారిణీదేవి దోహదము చేయించునా? శబ్దము నిలిచి వస్తువు మఱుగైనచో వ్యాఖ్య యెంత చెప్పినను లాభము లేదు.

నిజమైన అశోకము అడవిలో పెద్దచెట్ల నీడన, తేమనేలలో పెరుగును. వసంతమున నారింజవన్నె గుత్తులు విచ్చి క్రమముగా ఎఱ్ఱబడును. ఔషధమునకై బెరడు ఒలుచుటచేతను, అడవులు తఱుగుటచేతను అది అరుదైనది. 1998లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము దానిని ముప్పు పొంచియున్న జాతులలో చేర్చినది.

పెంపకము దుష్కరము కాదు. మొక్క కొనునపుడు ఆకు చూడవలెను: నరమామిడికి అంచులు అలలుగానున్న ఒంటి ఆకు, అశోకమునకు ఒకే కాడపై జతలుగా ఆకులు. గింజ నిలువకు ఆగదు. పండిన వెంటనే విత్తవలెను. లేతమొక్కకు నీడయు నీరును తప్పక కావలెను. పూచుటకు కొన్ని యేండ్లు పట్టును. కావున సంస్కృతము చెప్పు ప్రతి కళాశాలయు తన ప్రాంగణమున ఒక్క అశోకమునైనను నాటవలెనని నా మనవి. మేము చూడక చదివితిమి. రాబోవువారైనను చూచి చదువుదురు గాక.