మతిమరపు వ్యాధియు, కంపెనీవారి కర్తవ్యమును

వృద్ధాప్యమున మతి చెడుట సహజమేయని గోదావరిఖనిలో పలువురనుకొనుచున్నారు. ఇది సహజము కాదు, వ్యాధి. 1906లోనే జర్మనీ వైద్యుడు ఆలోయిస్ ఆల్జైమర్ దీనిని లోకమునకు చూపెను. మన దేశమున అరువదేండ్లకు పైబడినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా యున్నదని 2023లో వెలువడిన పరిశోధన అంచనా కట్టినది. ఆ లెక్కలో మన బొగ్గుబాయిల వృద్ధులు లేరని యెవరనగలరు?

బాయిలో బ్రతుకు గడపినవానికి ఈ రోగము వచ్చినపుడు చూడవలెను. నడిరాత్రి లేచి మొదటి షిఫ్టుకు వేళయైనదనును; మస్టరు పడదేమోయని ఆరాటపడును. క్వార్టరు ఖాళీ చేసి యేండ్లు గడచినను అచ్చటికే పోయి పరాయివారి తలుపు తట్టును. భార్య తలుపునకు తాళము వేసి, చెవి కొంగున ముడివేసికొని కూర్చుండును. ఆమెయు అరువది దాటినదే! ఇరుగుపొరుగువారు గాలి సోకినదందురు, తాగుడు ఫలమందురు. పైగా, తన పేరు చెప్పలేని ఆ మనిషి పింఛను కొరకు తాను బ్రతికియున్నట్లు ఏటేట ధ్రువపత్రము నీయవలెను.

చట్టమేమన్నది? తలిదండ్రులను విడిచిపెట్టిన కొడుకునకు మూడు మాసముల జైలైనను, అయిదువేల జరిమానాయైనను, రెండునైనను విధింపవచ్చునని 2007 నాటి పోషణ చట్టము చెప్పుచున్నది. మంచిదే. విడిచిపెట్టక, కూలిపని మానుకొని రేయింబవళ్లు కాచుకొనియున్న కోడలికి ఆ చట్టమేమిచ్చినది? ఏమియు లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క వైకల్యములను చెప్పినది. అందు పార్కిన్సన్ పేరున్నది; డిమెన్షియా పేరు లేదు.

సింగరేణి యే షావుకారు సొత్తును కాదు. అందు 51 వంతులు తెలంగాణ ప్రభుత్వముది, 49 వంతులు కేంద్రముది. కంపెనీకి ఇచ్చట ఏరియా ఆసుపత్రి కలదు. రిటైరైనవారికి వైద్యపథకమును కలదు. మేము కాదనము. కాని ఈ రోగమును మాన్పు మందు నేటికిని లేదు. కావలసినది కాపలా, ఓర్పు, కాచువారికి కొంత విశ్రాంతి. వైద్యపథకమునకు బిల్లు కావలెను; రాత్రులు మేల్కొనిన భార్యకు బిల్లెవరు వ్రాసియిత్తురు? లాభములలో వాటా కొరకు గొంతెత్తు సంఘములైనను, గుర్తింపు ఎన్నికలలో ఓటు లేని యీ ముసలివాని గడప నెన్నడు తొక్కినవి?

డబ్బు లేదందురేమో. లాభములలో నూటికి రెండు పాళ్లు సమాజసేవకు వెచ్చింపవలెనని 2013 నాటి కంపెనీల చట్టమే శాసించినది. కేరళ ప్రభుత్వము 2014లోనే స్మృతిపథమను పథకము నారంభించి సంరక్షణ గృహములు తెరచినది. రక్తపు పోటు, చక్కెర వ్యాధి, చెవుడు మొదలగు పదునాలుగు కారణములను అదుపు చేసినచో నూటికి 45 వరకు ఈ రోగమును తప్పింపనో, జాగు చేయనో వచ్చునని 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన సంఘము తెల్పినది. యంత్రముల హోరులో చెవులు పోగొట్టుకొనిన కార్మికులకిది వేరుగ చెప్పవలెనా?

మేము కోరునది కొండంత కాదు. ఏరియా ఆసుపత్రిలో వారమునకొక పూట ఈ రోగులకు ప్రత్యేకింపుడు. ఒక ఖాళీ క్వార్టరును పగటి సంరక్షణ గృహముగ మార్చి, ఇద్దరు శిక్షితులైన ఆయాలను నియమింపుడు. ఇందులకు ఢిల్లీ అనుమతి అక్కరలేదు. ఏ తేదీన మొదలిడుదురో జనరల్ మేనేజరుగారు చెప్పవలెను.